మాస్టారు కొట్టేసిన మాట

ఆఫీసులో ఆవిడని అందరూ ఇస్త్రీ అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు. మనిషిని చూసి పెట్టిన పేరైతే కాదు, ఎందుకంటే ఆవిడ బట్టలు ఎప్పుడూ నలిగే ఉంటాయి, జుట్టు ఏనాడూ కుదురుగా ఉండదు. ఇస్త్రీ అంతా ఆవిడ చేసే పనిలో ఉంటుంది.

ఆ కంపెనీ ఇళ్ళలో వాడుకునే ఆక్సిజన్ యంత్రాలు తయారు చేస్తుంది. ఊపిరి సరిగ్గా అందని మనిషి మంచం పక్కన పెట్టుకునే, చిన్న బీరువా అంత పెట్టె. దానితోపాటు ఇంటికి ఒక పుస్తకం కూడా వెళుతుంది. ఎలా ఆన్ చెయ్యాలి, గొట్టం ఎలా తగిలించాలి, అలారం మోగితే ఏం చెయ్యాలి, అన్నీ అందులో ఉంటాయి. ఆ పుస్తకాన్ని నలుగురైదుగురు పంచుకుని రాస్తారు. ఇంజనీరు రాసిన అధ్యాయం చదివితే యంత్రానికే భయం వేస్తుంది. అమ్మకాలవాడు రాసింది చదివితే ఏ జబ్బూ లేనివాడికి కూడా ఒకటి కొని ఇంట్లో పడేసుకుందామనిపిస్తుంది. లాయరుగారి పేజీలో ప్రతి వాక్యం చేతులు దులుపుకునే వాక్యమే. వీటన్నిటినీ ముందు పెట్టుకుని, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకే మనిషి పక్కన కూర్చుని చెబుతున్నట్టు చెయ్యడం ఇస్త్రీ ఉద్యోగం.

ఆ ఒకే మనిషి ఎవరంటే మాస్టారు.

మాస్టారు ఏ బళ్ళోనూ పాఠాలు చెప్పలేదు. కంపెనీ మొదటి యంత్రానికి మొదటి పుస్తకం రాసింది ఆయన. ఆ పుస్తకం గొంతు ఆయన సొంత గొంతే. తొందర లేదు, గద్దింపు లేదు, అనవసరమైన గారాబమూ లేదు. "మీ కుడిచేతి వైపు పచ్చ బటన్ ఉంది. దాన్ని నొక్కండి. లోపల చిన్న చప్పుడవుతుంది. అది యంత్రం మేలుకున్న చప్పుడు." అంతే. ఆ నాలుగు ముక్కలూ చదివి, కళ్ళు సరిగ్గా కనబడని ముసలమ్మలు కూడా యంత్రాన్ని నడిపించేవారు. కొందరు ఫోన్ చేసి, ఆ పుస్తకంలో మాట్లాడే బాబుని ఒకసారి పిలవండి అని అడిగేవారట.

ఇస్త్రీ కొత్తగా చేరిన రోజుల్లో ఒక పేజీ రాసి ఆయన బల్ల మీద పెట్టింది. అలారం మోగినప్పుడు చదివే పేజీ. అన్నిటికన్నా పైన, మొట్టమొదటి మాటగా, "కంగారు పడకండి" అని రాసింది. చాలా బాగా కుదిరిందని లోపల్లోపల మురిసిపోయింది కూడా. మాస్టారు పెన్సిలు తీసి ఆ మాటని అడ్డంగా కొట్టేశారు.

"చదివేవాళ్ళు ఎవరమ్మాయ్?"

"పేషెంటు. లేకపోతే ఇంట్లోవాళ్ళు."

"ఎలా ఉన్నారు వాళ్ళు?"

"భయంతో ఉన్నారు."

"కంగారు పడకు అని మీ ఆయన నీతో ఎప్పుడైనా అన్నాడా?"

అన్నాడు. అన్నప్పుడల్లా ఆవిడకి ఒళ్ళు మండిపోయేది. ఆ సంగతి మొహంలోనే కనబడి ఉంటుంది, మాస్టారు నవ్వారు.

"భయపడేవాళ్ళకి భయపడకండి అని చెప్పి లాభం లేదు. చేతికో పని చెప్పు. గొట్టం పట్టుకుని చూడమను, వదులుగా ఉంటే బిగించమను. చెయ్యి పనిలో పడితే గుండె దానంతటదే కుదురుకుంటుంది. ఇంకో సంగతి గుర్తు పెట్టుకో. భయంలో ఉన్నవాళ్ళ దగ్గర గొంతు మార్చకూడదు. పచ్చ బటన్ నొక్కమని ఎలా చెప్పామో అలారం మోగినప్పుడు కూడా అలాగే చెప్పాలి. మన గొంతు మారిందంటే ఏదో కొంప మునిగిందని అర్థం చేసుకుంటారు."

ఆ మాట ఆవిడ నెత్తిన పెట్టుకుంది. పెట్టుకుని ఏళ్ళ తరబడి మోసింది. ఎంతలా అంటే, ఇంట్లో భోజనానికి పిలిచేటప్పుడు కూడా "మీ కుర్చీ కిటికీ పక్కన ఉంది, కంచం ముందే పెట్టాను" అనేది. నన్ను ఎప్పుడు ఆన్ చేశావే అని మొగుడు ఏడిపించేవాడు. కొన్నాళ్ళకి ఏ అధ్యాయం ఎవరు రాశారో డైరెక్టరుగారు కూడా కనిపెట్టలేకపోయేవారు. అంతా మాస్టారే రాసినట్టుండేది. అందులో ఇస్త్రీ ఎక్కడా కనబడదు. కనబడకపోవడమే ఆవిడ గొప్ప, ఆ గొప్ప ఆవిడకి చాలా ఇష్టం.

కిందటేడు, కొత్త యంత్రానికి కొత్త పుస్తకం మొదలైంది. కరెంటు ప్లగ్గు గురించి మాస్టారు రాసిన అధ్యాయం ఇస్త్రీ దగ్గరికి వచ్చింది. ప్లగ్గు గురించి కొత్తగా చెప్పడానికి ఏముంటుందని ఆవిడ మామూలుగా చదువుకుంటూ పోయింది. పేజీ చివర ఒక మాట ఉంది.

కంగారు పడకండి.

ఆవిడ ఫక్కున నవ్వింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా నన్ను పరీక్షిస్తున్నారే అనుకుంది. ఆయన కొట్టేసినట్టే అడ్డంగా కొట్టేసి, తర్వాతి పేజీకి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం లిఫ్టులో కనిపించినప్పుడు అడుగుదామనుకుంది గానీ, ఆయన ఏ అంతస్తు నొక్కాలా అని బటన్ల వైపే చూస్తున్నారు. సరే, ఏదో ఆలోచనలో ఉన్నారులే అని తనే నొక్కింది.

తర్వాతి అధ్యాయంలో ఆ మాట ఇంకోసారి వచ్చింది. ఆ తర్వాతి దాంట్లో మధ్యమధ్యలో వచ్చింది. ఫిల్టరు ఎలా కడగాలో చెబుతూ, కడిగినదాన్ని ఆరబెట్టమని చెప్పడం మర్చిపోయారు. ఒక పేజీలో ఒకే వాక్యం మూడు చోట్ల ఉంది. మరో పేజీలో ఉన్నట్టుండి, "వినండి, నేను చెప్పేది వినండి" అని ఉంది. అలాంటి గొంతు ఆ పుస్తకంలో అంతకు ముందెన్నడూ లేదు. ఇస్త్రీ అన్నీ తీసేసింది. తప్పిపోయినవి అతికించింది, రెండుసార్లు వచ్చినవి ఒకటి చేసింది, వినండి వినండి అన్న చోట నెమ్మదిగా మళ్ళీ రాసింది. పని పూర్తయ్యేసరికి పేజీ పాత మాస్టారి పేజీలాగే నున్నగా ఉండేది.

మరి ఎవరితోనైనా చెప్పొచ్చు కదా అంటే, చెప్పలేదు. మొదటిది మొహమాటం. గొంతు నేర్పిన మనిషి దగ్గరికి వెళ్ళి, మీ గొంతు జారుతోంది అని ఏ నోటితో చెబుతారు? అలసిపోయారనుకుంది, ఇంట్లో ఏదో చిక్కు ఉందేమో అనుకుంది, రిటైర్మెంటు దగ్గర పడితే అందరికీ కొంచెం ఇలాగే ఉంటుందేమో అనుకుంది. రెండోది ఇంకా ఉంది, అది ఆవిడ తనకు తాను కూడా సరిగ్గా ఒప్పుకోలేదు. మాస్టారి గొంతులో మాస్టారికన్నా తనే బాగా రాస్తోందని ఎక్కడో లోపల ఒక చిన్న సంబరం. ఆ సంబరం తలచుకుంటే ఆవిడకి ఇప్పటికీ అన్నం సహించదు.

ఒకసారి ఆవిడకి జ్వరం వచ్చి కొన్నాళ్ళు సెలవు పెట్టింది. సరిగ్గా అప్పుడే మాస్టారి అలారం అధ్యాయం, ఇస్త్రీ చెయ్యి పడకుండా, నేరుగా మీటింగుకి వెళ్ళిపోయింది. ఆవిడ ఆఫీసుకి తిరిగొచ్చిన పొద్దున్నే ఆ మీటింగు. గదిలోకి అడుగుపెట్టేసరికి తెర మీద పేజీ వేసేశారు. కొత్తగా వచ్చిన అమ్మకాలవాడు పైకి చదువుతున్నాడు.

"అలారం మోగుతుంది. కంగారు పడకండి. ఇది ఏ గది అని అనిపించవచ్చు. కంగారు పడకండి. గొట్టం చూడండి. గొట్టం ఎక్కడుందో తెలియకపోతే కంగారు పడకండి. ఎవరైనా వస్తారు. వినండి, ఎవరైనా వస్తారు. కంగారు పడకండి."

అందరూ నవ్వారు. మాస్టారు ఏదో వేళాకోళానికి రాశారనుకున్నారు. అందరూ నవ్వుతున్నారని మాస్టారు కూడా నవ్వారు. తర్వాత కళ్ళజోడు సవరించుకుని తెర వైపు కాసేపు చూశారు. నవ్వు ఆగిపోయింది.

"ఇది ఎవరు రాశారు?" అన్నారు.

అమ్మకాలవాడు ఒకసారి మాస్టారి వైపూ, ఒకసారి తెర వైపూ చూశాడు.

"ఎవరు రాశారో గానీ, ఇది మన గొంతు కాదు. పాపం, ఎవరో బాగా భయపడి రాసినట్టున్నారు. అమ్మాయ్, ఇది కాస్త చూడు."

చూడు అన్నప్పుడు ఆయన ఇస్త్రీ వైపు తిరిగారు. అంతమందిలో ఆ పేజీ ఏమిటో తెలిసింది ఆవిడ ఒక్కదానికే. ఏడాదిగా ఆయన ఆ మాట రాస్తూనే ఉన్నారు. ఏడాదిగా ఆవిడ దాన్ని చెరిపేస్తూనే ఉంది. ఆయన రాసింది పేషెంట్లకి కాదు. లోపల ఏదో చెదిరిపోతుంటే ఆ మనిషి తనకు తనే ధైర్యం చెప్పుకున్నారు, ఆ గొంతు బయటికి వినబడకుండా ఆవిడ నీటుగా నొక్కేసింది.

ఆ మీటింగు అయ్యాక మాస్టారిని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు మతిమరుపు జబ్బుకున్న పెద్ద పేరు ఒకటి చెప్పాడు. ఎప్పుడు మొదలైందని అడిగాడు. మాస్టారి భార్యకి తెలియదు. తెలిసింది తనకొక్కదానికే కాబట్టి, ఇస్త్రీ తనంతట తనే వాళ్ళింటికి వెళ్ళింది.

మాస్టారి భార్య దర్జీ. ముందుగదిలో కుట్టుమిషను, గోడకి వేలాడే సగం కుట్టిన బట్టలు, నేల మీద రంగురంగుల పీలికలు. మెడలో కొలతల టేపు వేసుకునే తలుపు తీసింది. ఇస్త్రీ కూర్చోకుండానే మొదలుపెట్టి, ప్లగ్గు అధ్యాయం నుంచి మీటింగు దాకా అంతా చెప్పేసింది.

"ఏడాది," అంది మాస్టారి భార్య.

"అవును పిన్నిగారూ."

"ముందే తెలిస్తే నయమయ్యేదా అని డాక్టర్ని అడిగాను. నయం కాదన్నాడు. కానీ ఆయన చెప్పాలనుకున్నవి చెప్పుకోవడానికి టైముండేదన్నాడు. ఎక్కడ ఏముందో, ఎవరికేం చెప్పాలో, నాతో ఏం చెప్పాలో. నిన్న కూర్చోబెట్టి అడిగాను. మొహంలోకి చూస్తారు, నోరు తెరుస్తారు, అంతే. ఏడాది కిందట అడిగుంటే చెప్పేవారు కదమ్మా."

క్షమించమని అడగడానికి ఇస్త్రీకి ధైర్యం చాల్లేదు. అడిగితే ఆవిడ మంచితనానికి క్షమించేస్తుందేమో, అది ఇంకా కష్టం.

ఆ తర్వాత కూడా ఇస్త్రీ అప్పుడప్పుడు ఆఫీసు నుంచి ఇంటికి వెళుతూ వాళ్ళింట్లో తొంగిచూసేది. మాస్టారి భార్య రమ్మనేది కాదు, పొమ్మనేదీ కాదు. కుట్టుమిషను దగ్గర నుంచి లేవకుండా, లోపలున్నారు అని తలతో చూపించేది. మాస్టారు లోపలి గదిలో గోడ దగ్గర నిలబడి ఉండేవారు. ఎప్పుడు వెళ్ళినా ఏదో ఒక గోడ దగ్గరే.

కారణం ఏమిటంటే, గోడల నిండా కాగితాలు. ఆయన మర్చిపోతున్నారని ఇంటిల్లిపాదీ తలో కాగితం అంటించారు. పొయ్యి పైన భార్య ఎర్ర ఇంకుతో, "గ్యాస్ ముట్టుకోవద్దు, ముట్టుకుంటే ఊరుకోను" అని రాసింది. బట్టల బీరువా మీద, "ఎన్నిసార్లు చెప్పాలి, ఇది బాత్రూం కాదు." కూతురు వారం వారం వచ్చి అంటించినవి వేరే, "నాన్నా ప్లీజ్, మాత్ర వేసుకోవా, మా మంచి నాన్నవి కదూ" అంటూ చిన్నపిల్లాణ్ణి బుజ్జగించినట్టు ఉన్నాయి. అల్లుడు బ్యాంకులో పనిచేస్తాడు. అతగాడు కంప్యూటరులో కొట్టించి తెచ్చి వెనక తలుపు మీద పెట్టాడు: "హెచ్చరిక. ఈ తలుపు తెరవరాదు. గమనించగలరు."

మాస్టారు ఆ కాగితాల ముందు చేతులు కట్టుకుని నిలబడేవారు, తప్పు చేసి దొరికిపోయిన పిల్లాడిలా.

"ఇంట్లో చాలామంది ఉన్నారమ్మాయ్," అన్నారు ఒకసారి, ఎవరూ వినకూడదన్నట్టు మెల్లగా. "అందరూ అరుస్తున్నారు. ఒకావిడ మాత్రం ఏడుస్తోంది."

ఇస్త్రీ బయటికొచ్చి, మొహమాటం కాస్త పక్కన పెట్టి, ఆ కాగితాలన్నీ తీసి ఒకే తీరుగా తను రాసిపెడతానని మాస్టారి భార్యతో అంది.

ఆవిడ మిషను ఆపింది. "నువ్వు దిద్దింది చాలమ్మా," అని మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది.

న్యాయమే కదా అనుకుని ఇస్త్రీ ఇంటికి వెళ్ళిపోయింది. కొన్నాళ్ళు ఆ వీధి వైపే వెళ్ళలేదు.

ఒక మధ్యాహ్నం మాస్టారి భార్యే ఫోన్ చేసింది. దారాలు కొనడానికి అలా బజారుకి వెళ్ళి వచ్చిందట. వచ్చేసరికి మాస్టారు బాత్రూం ముందు నిలబడి ఉన్నారు. ప్యాంటు తడిసిపోయి ఉంది. బాత్రూం తలుపూ వెనక తలుపూ పక్కపక్కనే. తెరవరాదు అన్న అల్లుడి హెచ్చరిక రెండిటికీ అనుకుని, పాపం, తెరవకుండా నిలబడిపోయారు. తెరవొద్దన్నారు కదండీ, నేను తెరవలేదు అని భార్యకి సంజాయిషీ చెప్పారట.

"నువ్వొచ్చి రాయమ్మా," అంది ఆవిడ.

ఇస్త్రీ దళసరి కార్డులూ నల్ల స్కెచ్చి పెన్నూ సంచిలో వేసుకుని వెళ్ళింది. ముందు కూర్చుని రాయలేదు. చదివేవాళ్ళు నిలబడే చోట నిలబడి రాయాలన్నది మాస్టారి పద్ధతే. అందుకని ఆయన వెనకే ఇల్లంతా తిరిగింది. ఆయన ఎక్కడ ఆగుతున్నారు, కళ్ళు ఎంత ఎత్తున ఆనుతున్నాయి, చెయ్యి ముందు దేని మీదికి పోతోంది, అన్నీ చూసుకుంది. మాస్టారి భార్య ఒక్కొక్క కాగితమే పీకి చేతిలో మడతపెట్టుకుంటూ వాళ్ళ వెనకే నడిచింది. ఎర్ర ఇంకు కాగితం పీకేటప్పుడు మాత్రం ఆవిడ అటు తిరిగి నిలబడింది.

బాత్రూం తలుపు మీద ఇలా రాసింది: "ఇది బాత్రూం. గడియ కిందికి నొక్కండి. లోపల కుడిచేతి వైపు లైటు స్విచ్చి ఉంది."

వెనక తలుపు మీద ఇలా: "ఈ తలుపు అవతల వీధి ఉంది. వీధిలోకి వెళ్ళాలనిపిస్తే ముందుగదిలోకి రండి. కుట్టుమిషను దగ్గర ఒకావిడ ఉంటారు. ఆవిడ మీతో వస్తారు."

పొయ్యి దగ్గర: "ఆకలి వేస్తే బల్ల మీద మూత పెట్టిన గిన్నె ఉంది. మూత తియ్యండి. పక్కనే చెంచా ఉంది."

ఒక్కచోటా వద్దు అన్న మాట లేదు, హెచ్చరిక లేదు, మంచి నాన్నా లేడు. కార్డులన్నీ అంటించాక మాస్టారు ఒకదాని నుంచి ఇంకోదాని దగ్గరికి వెళ్ళి, ప్రూఫులు చూసేటప్పటిలాగే వేలు పెట్టి చదువుకున్నారు. బాత్రూం గడియ నొక్కి, లోపలికెళ్ళి స్విచ్చి వేశారు, లైటు వెలిగింది.

"బాగుంది," అన్నారు. "ఒక్కడే రాసినట్టుంది. ఎవరు రాశారు?"

"మీరే మాస్టారూ," అంది ఇస్త్రీ.

ఆయన ఆ మాట నమ్మలేదు, కాదనా లేదు. భుజాలు మాత్రం కొంచెం దిగాయి. ఇల్లు నిశ్శబ్దంగా ఉందే అన్నారు, మిషను గడగడా తిరుగుతూనే ఉన్నా.

ఆ రోజు నుంచి ఇస్త్రీ తరచూ వెళ్ళేది. చెప్పులకి ఒక కార్డు, మాత్రలకి ఒక కార్డు, టీవీకి ఒకటి. కూతురు మొదట మూతి విరిచింది, మా నాన్నకి మేం రాస్తే పనికిరాదా అని. తర్వాత ఆవిడే, ఈ ఫ్యాను రెగ్యులేటరుకి కూడా ఒకటి రాయవా అక్కా అని అడిగింది. అల్లుడు గమనించగలరు అనడం మానేశాడు.

ఒక సాయంత్రం మాస్టారి భార్య మిషను దగ్గర పని లేకుండా కూర్చుని ఉంది. ఇస్త్రీ వచ్చినా తల ఎత్తలేదు.

"పొద్దున కాఫీ ఇచ్చాను," అంది. "చాలా థాంక్సండీ, మీరు ఎవరింటికి వచ్చారు అని అడిగారు. మర్యాదగానే అడిగారు. నేనే అరిచేశాను. నేను మీ పెళ్ళాన్ని, ఇన్నేళ్ళు కాపురం చేసి నేనెవరు అంటారా అని. ఏడుస్తూ అరిచాను. కప్పు వదిలేసి మంచం అవతలికి వెళ్ళి కూర్చున్నారు. నన్ను చూసి భయపడ్డారమ్మా."

ఇస్త్రీ పక్కన స్టూలు మీద కూర్చుంది.

"నేనెవరో చెప్పే కార్డు ఒకటి రాయి. నేను చెబితే గొంతు మారిపోతోంది. ఎంత పళ్ళు బిగించుకున్నా మారిపోతోంది."

అని, టేపు చివర వేలికి చుట్టుకుంటూ, ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పింది. "నిన్ను అన్నాను గానీ, నేను చేసిందేమిటి? ఆఫీసుకి వెళ్ళేటప్పుడు చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకునేవారు. కిందటేడు నుంచీ. గుమ్మంలో ఆపి నేనే విప్పి మళ్ళీ పెట్టేదాన్ని. రోజూ. వయసు మీద పడుతోంది మీకు అని నవ్వేదాన్ని కూడా. ఇంట్లోంచి నేను దిద్ది పంపాను, అక్కడ నువ్వు దిద్దావు. మధ్యలో ఆయన ఒంటరి అయిపోయారు."

ఇద్దరూ ఏడ్చారు. కాసేపయ్యాక ఇస్త్రీ మొహం తుడుచుకుని కార్డు తీసింది.

అన్నేళ్ళ ఉద్యోగంలో ఆవిడకి అంత కష్టమైన పేజీ లేదు. "ఈవిడ మీ భార్య" అని రాసి ఆగిపోయింది. అది నిజమే, కానీ గుర్తులేని మనిషికి అది నిందలా వినబడుతుంది. గుర్తు తెచ్చుకోండి అందామంటే, అది ఆయన చేతిలో ఉన్న పనా? గుర్తు లేకపోయినా ఫరవాలేదు అనడానికి తనెవరు? కార్డులు పాడుచేసి పాడుచేసి, చివరికి మాస్టారు అడిగే ప్రశ్నే తనూ వేసుకుంది. చదివేవాళ్ళు ఎవరు? భయంలో ఉన్నవాళ్ళు. చేతికో పని చెప్పాలి. ఇస్త్రీ మాస్టారి భార్య చెయ్యి తీసుకుని చూసింది, తర్వాత రాసింది.

"మీ ఎదురుగా ఉన్న ఆవిడ మీ భార్య. ఆవిడ బట్టలు కుడతారు. మీరు వేసుకున్న చొక్కా ఆవిడ కుట్టిందే. ఆవిడ చెయ్యి పట్టుకోండి. చూపుడువేలి చివర సూది గుచ్చుకుని గరుగ్గా ఉంటుంది. ఆ చెయ్యి మీకు తెలుసు."

మాస్టారు లోపలి నుంచి వచ్చారు. ఇస్త్రీ కార్డు ఆయన చేతికిచ్చింది. ఆయన కిటికీ వెలుతురుకి తిరిగి, వేలు పెట్టి, మొదటి నుంచి చివరి దాకా చదివారు. మళ్ళీ చదివారు. తర్వాత పెన్సిలు కోసం చొక్కా జేబు తడుముకున్నారు. అక్కడ పెన్సిలు లేదు. ఇస్త్రీ తన పెన్సిలు ఇచ్చింది. ఏదో తప్పు దొరికింది, ఇక కొట్టేస్తారు అనుకుంది. నిజం చెప్పాలంటే కొట్టేస్తే బాగుండుననే అనుకుంది, పాత మాస్టారు ఒక్క నిమిషం వచ్చి కూర్చున్నట్టుంటుందని.

ఆయన ఏమీ కొట్టెయ్యలేదు. కార్డుని మిషను బల్ల మీద ఆనించి, అడుగున, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశారు.

కంగారు పడకండి.

"ఇది ఎవరికి మాస్టారూ?" అంది ఇస్త్రీ. అడగడానికి ఆవిడకి ఏడాది పైగా పట్టింది.

ఆయన తన భార్య వైపు చూశారు. పేరు కోసం వెతికారు, దొరకలేదు. ఆవిడ టేపుని వేలికి చుట్టుతోంది, విప్పుతోంది, మళ్ళీ చుట్టుతోంది.

"ఆవిడకి," అన్నారు. "ఆవిడ భయపడుతున్నారమ్మాయ్. చూడు."

కార్డులో ఉన్నట్టే చెయ్యి చాపి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. బొటనవేలితో చూపుడువేలి చివర తడిమి, గరుకు ఉందో లేదో చూసుకున్నారు. ఉంది. ఆయన చెయ్యి అక్కడే ఆగింది.

ఇస్త్రీ చెయ్యి అలవాటు కొద్దీ సంచిలో రబ్బరు కోసం వెళ్ళింది. అది దొరికింది కూడా. కానీ ఆవిడ దాన్ని అక్కడే వదిలేసి, అంటించే టేపు బయటికి తీసింది. మాస్టారి భార్య రెండో చెయ్యి చాపింది. పట్టుకున్న చెయ్యి వదిలించుకోవడం ఆవిడకి ఇష్టం లేదు, అందుకని ఇస్త్రీ టేపు ముక్కలు ఒక్కొక్కటే చింపి ఇస్తుంటే, ఒంటిచేత్తోనే ఆ కార్డుని కుట్టుమిషను పైన గోడకి, తను కూర్చుంటే సరిగ్గా తన కళ్ళకి ఆనేంత ఎత్తున అంటించుకుంది.